కొత్తమావాస్యకు ముందు తిన్న మామిడికాయ

భోజనం గురించి ఉపన్యాసాలిచ్చే మనిషికి వంట వచ్చి తీరాలని ఎక్కడా లేదు. నాకు రాదు. గుంటూరులో పగలు ఒక ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెబుతాను. సాయంత్రాలు ఎవరు పిలిస్తే వాళ్ళ కల్యాణమండపంలోనో గుడి ఆవరణలోనో, తినడం కూడా పూజేనన్న విషయం మీద గంటన్నర మాట్లాడతాను. విస్తరి ముందు కూర్చోవడమంటే దేవుడి ముందు కూర్చోవడమేనని, ఏది తినబోయినా ముందు ఆయనకు చూపించాలని, ఆయన తినగా మిగిలిందే మనదని, తింటూ మాట్లాడకూడదని, తినేవాణ్ణి పలకరించనూ కూడదని పదిహేనేళ్ళుగా చెబుతున్నాను. మా ఆవిడ ఒక్కసారి వచ్చి విని, "అంతా బాగానే ఉంది గానీ, ఆ వండినావిడ ఎప్పుడు తింటుందో ఎక్కడా రాలేదేం?" అంది. ప్రశ్నలు చివర్లో అడగాలని చెప్పాను. చివరిదాకా ఆవిడ ఉండలేదు, ఇంట్లో వంట ఉందట.

ఈ ఫాల్గుణం ఆఖర్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు ఐదు రోజులు తిరిగొచ్చాను. అక్కడి గుళ్ళలో, ఇళ్ళలో దేవుడికి ఏం పెడతారో, తామెలా తింటారో చూసి ఒక చిన్న పుస్తకం రాద్దామని నా ఉద్దేశం. బయల్దేరేముందు మా వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన కూడా చేశాను. ఈ ఐదు రోజులూ దేవుడికి నివేదించని పదార్థం నా నోట్లోకి పోదని. చదివినవాళ్ళంతా వరసగా దండం బొమ్మలు పెట్టారు. పాత కళ్ళజోడు పెట్టెలో వేలెడంత ఇత్తడి బాలకృష్ణుణ్ణి పడుకోబెట్టుకున్నాను. సంచిలో పక్కనే ఉప్పు కలిపిన కారప్పొడి పొట్లం కూడా పెట్టుకున్నాను, గుంటూరువాణ్ణి కదా. ఆ పుస్తకం నేను రాయలేదు, ఇక రాయను కూడా. ఎందుకు రాయలేదో అటు వెళ్ళనివాళ్ళ కోసం ఇక్కడ చెబుతున్నాను.

శ్రీకాకుళం: మూడో ఇడ్లీ

ఆముదాలవలసలో రైలు దిగి, ఆటోలో శ్రీకాకుళం చేరి, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఒక టిఫిన్ హోటల్లో కూర్చున్నాను. ప్లేటు ఇడ్లీ ముప్ఫై రూపాయలు. మా ఊళ్ళో ఈ పాటి ఇడ్లీకి నలభై తీసుకుంటారు, చట్నీ రెండోసారి అడిగితే మొహం అదోలా పెడతారు. ఇక్కడ అడగకుండానే పోస్తున్నారు. నేను పెట్టె తెరిచి కృష్ణుణ్ణి బల్ల మీద నిలబెట్టి, ప్లేటు చుట్టూ నీళ్ళు తిప్పాను. ఆ నీళ్ళు చింది ఎదురుగా కూర్చున్నాయన చొక్కా జేబులోకి వెళ్ళాయి. ఆయన బీడీకట్ట తీసి దులుపుకున్నాడు.

వడ్డించే మనిషి బకెట్టు పట్టుకుని వచ్చి కృష్ణుడి వైపు చూశాడు. "ఈ బాబుకి సట్నీ ఎయ్యాలా, సాంబారెయ్యాలా?" అన్నాడు. వేళాకోళం చేస్తున్నాడేమోనని తేరిపార చూశాను. లేదు, నిజంగానే అడుగుతున్నాడు. ఆయనకు విడిగా అక్కర్లేదు, నా ప్లేటులోదే ఆయన చూపుతో తింటాడని చెప్పి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి కృష్ణుడి ముందు సాసరులో ఒక వేడి ఇడ్లీ ఉంది. "డబ్బులొద్దులెండి. సూపుతో తింటే కడుపెలా నిండుద్ది, సంటి పిల్లోడు," అన్నాడు వెళ్తూ వెళ్తూ. నా రెండు ఇడ్లీలూ అయ్యాక, నివేదన జరిగిన పదార్థాన్ని వదిలేయడం అపచారమని ఆ ఇడ్లీ కూడా నేనే తిన్నాను.

మధ్యాహ్నం అరసవల్లిలో సూర్యదేవుడి దర్శనం చేసుకుని మెట్ల మీద కూర్చుంటే, పక్కనున్న ముసలాయన "ఏ ఊరు బాబూ? కూడు తిన్నావేటి?" అన్నాడు. మా వైపు ఆ మాటతో అడిగితే అతిథి లేచి వెళ్ళిపోతాడు, అడిగినవాడు పెళ్ళిళ్ళకు పిలుపులు పోగొట్టుకుంటాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఆయన మాత్రం నేను తినలేదనుకుని తన కండువా మూటలోంచి అరిసె ఒకటి తీసి సగం విరిచి పెట్టాడు. రెండో రోజుకి, పొద్దుటి నుంచి ఎవరూ ఆ మాట అడగలేదేమిటా అని నేనే వెతుక్కున్నాను.

కళింగపట్నం: గొడుగు చాటున పులిహోర

రెండో రోజు బస్సులో కళింగపట్నం వెళ్ళాను. వంశధార సముద్రంలో కలిసేచోటు చూసి నాలుగు మంచి వాక్యాలు రాసుకుందామని దిగాను గానీ, ముందు ఎదురైంది ఎండుచేపల వాసన. ఇసక మీద వలలు పరిచి వాటి నిండా నెత్తళ్ళు ఎండేశారు. ఆకలిగా ఉంది, సంచిలో పులిహోర ఉంది, దేవుడికి చూపించకుండా తినకూడదు. పెట్టె తెరిస్తే ఎదురుగా చేపలు. అందుకని గొడుగు తెరిచి కృష్ణుడికీ చేపలకీ మధ్య అడ్డం పెట్టి, నేను మాత్రం ఎండలో కూర్చున్నాను.

చేపలు తిరగేస్తున్న ఒకావిడ ఇది చూసి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పేరు పోలమ్మట, తర్వాత చెప్పింది. "ఎండ ఇటేపు నుంచి కొడతంటే గొడుగు అటేపు ఎట్టినావేటి బాబూ?" అంది. దేవుడి కంట చేపలు పడకూడదని వివరించాను. ఆవిడ వంగి గొడుగు అటుపక్కకు తొంగి చూసింది. "ఆయన ముందు సేప అయ్యే వచ్చినాడంట కదా. మా రామాలయం కాడ పంతులుగారు సెప్పినారు. సూస్తే సుట్టాల్ని సూసినట్టు కదేటి?" అంది. మత్స్యావతారం గురించి నేనే రెండు ఉపన్యాసాలు ఇచ్చాను. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. గొడుగు మడిచి పెట్టుకున్నాను.

పులిహోర దాదాపు అయిపోవచ్చాక మర్యాద గుర్తొచ్చి, మిగిలిన గుప్పెడూ ఆవిడకు ఇవ్వబోయాను. వద్దంది. పడవ ఇంకా రాలేదట. తెల్లవారకముందు వెళ్ళిన మొగుడు ఒడ్డెక్కేదాకా తను ముద్ద ముట్టదట. పొద్దుట తాగింది గ్లాసుడు టీ. అప్పటికి ఎండ నడినెత్తిన ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళెవరూ తిన్నట్టు లేరు. నేను నోటుబుక్కు తీసి, "ఇది ఏ దేవతకు చేసే ఉపవాసమమ్మా? ఏ రోజుల్లో చేస్తారు?" అని అడిగాను.

"ఉపాసం కాదు బాబూ. పడవ రాకుండా ముద్ద దిగదు, అంతే," అంది పోలమ్మ. రాసుకోవడానికి అందులో ఏమీ కనబడలేదు నాకు. నోటుబుక్కు మూసేశాను.

నెల్లిమర్ల దగ్గర: గాల్లో ఆగిన గరిటె

మూడో రోజు విజయనగరం మీదుగా నెల్లిమర్ల వైపు వెళ్ళాను. దగ్గర్లో ఒక ఊళ్ళో గుడి వార్షికోత్సవం, అన్నదానం జరుగుతోంది. ఊరి పేరు రాయను, దాత పేరు అసలే రాయను. ఆయన పేరు రాయాల్సినచోటల్లా ఆయనే రాయించుకున్నాడు. పందిరికి కట్టిన ఫ్లెక్సీలో దాత నిలువెత్తున ఉన్నాడు, దేవుడు పైన మూలకు తపాలాబిళ్ళంత ఉన్నాడు.

జనం బారులు తీరి కూర్చున్నారు. ఆకులు వేశారు, అన్నం వడ్డించారు, పప్పు పడింది. దాత సాంబారు గరిటె పట్టుకుని మొదటి ఆకు మీద వంగాడు. ఫొటోగ్రాఫరు "కొంచెం పైకి సార్, మొహం రావట్లేదు" అన్నాడు. గరిటె పైకి లేచింది. వెలుతురు అటువైపు లేదని దాత ఇటువైపు వచ్చాడు. చొక్కా మీద సాంబారు చుక్క పడిందని మార్చుకోవడానికి కారు దగ్గరికి వెళ్ళాడు. అంతసేపూ ఒక మనిషి ఆయన గరిటెను ఆయన పట్టుకున్నట్టే గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. దీన్ని వెక్కిరిస్తూ రాద్దామని నేను మనసులో వాక్యాలు పేర్చుకుంటూ ఉండగా, కమిటీవాళ్ళకు నా సంగతి ఎవరు చెప్పారో, "పెద్దలు గుంటూరు నుంచి వచ్చారు, భోజనం పవిత్రత గురించి ఐదు నిమిషాలు" అని మైకు నా చేతిలో పెట్టారు.

ఐదు నిమిషాల్లో భోజనం పవిత్రత ఎవరికి సాధ్యం? ప్రస్తావనకే పది పట్టింది. అన్నం మెతుకులో ఎండ, వాన, రైతు, ఎద్దు అందరూ ఉన్నారని చెబుతున్నాను. నా ఎదుటి వరసలో కూర్చున్న ముసలాయన అన్నం మీద వాలే ఈగల్ని తోలుతూ చెయ్యెత్తాడు. ముప్ఫయ్యేళ్ళు జూటు మిల్లులో పనిచేసి దిగిపోయినాయనట. "మిల్లులో సైరన్ కూసీది, తినీవోలం బాబూ. ఇక్కడ ఎవులు కూస్తారో సెప్తే అందాకా ఆగుతాం," అన్నాడు. వరసంతా నవ్వింది. నాకు రావాల్సినంత కోపం వచ్చింది, కానీ ఆకు మీద పప్పు తొరకగట్టడం నాకు కూడా కనిపించింది. మంగళం పాడి కూర్చున్నాను. సాంబారు చల్లారిపోయింది. పనసకాయ ఆవ పెట్టిన కూర మాత్రం అమృతంలా ఉంది, రెండుసార్లు వేయించుకున్నాను.

సాలూరు లారీ

నాలుగో రోజు పొద్దుట విజయనగరంలో సాలూరు బస్సు కోసం నిలబడి, టీ తీసుకుని, కృష్ణుడికి చూపించి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బస్సు లేదు. టీ కొట్టు దగ్గర ఒక లారీ డ్రైవరు నన్నే గమనిస్తున్నాడు. పేరు అప్పలనాయుడు. సాలూరు మనిషి అంటే లారీ మనిషే అన్నట్టుంటుంది అక్కడ. "రండి గురువుగారూ, నేనూ అటే," అని క్యాబిన్‌లోకి చెయ్యిచ్చి లాగాడు. ఎదురుగా అద్దం మీద నలుగురు దేవుళ్ళు, నిమ్మకాయల దండ. దారి పొడుగునా నేను మాట్లాడాను. నడుస్తున్న లారీలోంచి శ్రోత లేచిపోలేడు. ఇంత చక్కటి సభ నాకు ఎప్పుడూ దొరకలేదు.

అప్పలనాయుడు అంతా విని, "మా అమ్మ కూడా ఇలాగే గురువుగారూ. రేపు కొత్తమాస్య కదా. మా ఇంట్లో కొత్త మామిడికాయ రేపు అమ్మోరికీ, పైకెల్లిపోయిన పెద్దోళ్ళకీ పెట్టినాకే నోట్లో పెడతాం. అందాకా ఎవులూ ముట్టరు," అన్నాడు. ఉగాది ముందురోజు వచ్చే అమావాస్యను వాళ్ళు కొత్తమావాస్య అంటారు. మా వైపు ఉగాది పచ్చడి రోజున చింతపండుతో పాటు మామిడి ముక్కలు వేసేస్తాం, అంతకుముందు పదిసార్లు పప్పులో కూడా వేసుకునే ఉంటాం. నేను వెంటనే నోటుబుక్కు తీసి, "నివేదన కానిదే కొత్త కాయ ముట్టరు. మహోన్నతమైన ఆచారం" అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. లారీ కుదుపుకి వంకరపోయాయి.

ఆచారం చూసి వెళ్ళమని అతను తన ఇంటికి తీసుకెళ్ళాడు. సాలూరు దాటి కొండ కింద చిన్న ఊరు. వరి కొంచెం, మేం రాగులనే చోళ్ళు, కందులు ఎక్కువ. తల్లి సూరమ్మకూ, భార్య గౌరికీ నన్ను అప్పజెప్పి, "గురువుగారు తినేటప్పుడు ఎవులూ పలకరించకండి, దోషం" అని గట్టిగా హెచ్చరించి, లారీ బ్రేకులు చూపించడానికి సాలూరు గ్యారేజీకి వెళ్ళిపోయాడు. గౌరికి ఏడో నెల.

కొండ కింది ఇల్లు

సూరమ్మ చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ పెట్టింది. కృష్ణుడికి చూపించి తాగాను. చల్లగా, పుల్లగా, కడుపుకి హాయిగా ఉంది. ఆవిడ అమ్మవారి గుడి అలకడానికి చీపురూ పేడ తట్టా పట్టుకుని వెళ్ళింది. గౌరి దొడ్డివైపు వెళ్ళింది. నేను వసారాలో కునుకు తీసి లేచేసరికి మధ్యాహ్నం దాటింది. మళ్ళీ ఆకలి మొదలైంది. ఎదురుగా పీట మీద ఒక ఇత్తడి పళ్ళెం. పళ్ళెంలో ఒకే ఒక పచ్చి మామిడికాయ. శుభ్రంగా కడిగి, తొడిమ దగ్గర జీడి తుడిచి పెట్టి ఉంది.

అప్పుడు నా బుర్ర ఎలా పనిచేసిందో ఉన్నదున్నట్టు రాస్తాను. ఆచారం రేపటిది, అది ఈ ఇంటివాళ్ళకు. నేను అతిథిని. ఇత్తడి పళ్ళెంలో పెట్టారంటే అతిథికే పెట్టారు. నోరు తెరిచి చెప్పకుండా గౌరవించడం పల్లెటూరివాళ్ళ సంస్కారం. పైగా నివేదించకుండా తింటే కదా తప్పు, నేను నివేదించే తింటాను. ఇన్ని మెట్లూ ఎక్కడానికి నాకు అర నిమిషం పట్టలేదు. లెక్కలు చెప్పేవాణ్ణి.

చాకు తీసి కాయ చెక్కు తీశాను. ముక్కలు కోసి ఉప్పుకారం అద్దాను. కృష్ణుణ్ణి పళ్ళెం పక్కన నిలబెట్టి, చుట్టూ నీళ్ళు తిప్పి, ప్రాణాహుతులు కూడా మొదలుపెట్టాను. అన్నానికి తప్ప మామిడికాయకు ఎవరూ ఆ మంత్రాలు చదవరు. నేను చదివాను. ఒక్కో స్వాహాకూ ఒక్కో ముక్క చొప్పున ఐదు ముక్కలు లోపలికి వెళ్ళాయి. మొదటి ముక్క దగ్గర గుమ్మంలో గాజుల చప్పుడు అయింది. ఎవరో వచ్చారని తెలిసింది. భోజన నియమం తెలియాలని, కళ్ళు మూసుకునే ఎడమచెయ్యి ఎత్తి ఆగమన్నట్టు చూపించాను. గాజులు రెండుమూడుసార్లు మళ్ళీ మోగాయి. నేను చెయ్యి ఇంకా పైకెత్తాను. టెంకకు అంటుకున్నది కూడా చీకి, కళ్ళు తెరిచాను.

గుమ్మంలో గౌరి నిలబడి ఉంది. చెయ్యి నావైపు సగం చాపి అలాగే ఉండిపోయింది. మాట్లాడితే దోషమని మొగుడు చెప్పాడు మరి. పళ్ళెంలో టెంకను చూసింది, నా మూతిని చూసింది. ఇక మాట్లాడొచ్చో లేదో తెలియక కాసేపు ఆగింది. తర్వాత చిన్న గొంతుతో అడిగింది.

"పుల్లగున్నాదేటి బాబూ?"

"పుల్లగా ఉందమ్మా. చాలా బాగుంది," అన్నాను. ఆమె తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

సూరమ్మ తిరిగొచ్చి వసారా మెట్టు మీదే ఆగిపోయింది. "ఓలమ్మో! అమ్మోరి కాయ!" అంది. తట్ట కింద పడింది. అప్పుడు గానీ నాకు సంగతంతా తెలియలేదు. దొడ్లో ఉన్న చెట్టు సూరమ్మ పోయిన పెనిమిటి నాటింది. ఈ ఏడు మంచుకి పూతంతా మాడిపోయింది. చెట్టు మొత్తానికి కాయంటూ అయింది అదొక్కటే. పిందె పడ్డ దగ్గర్నుంచి గౌరి రోజూ పొద్దుటే దాని కిందికెళ్ళి చూసి వచ్చేది. "పుల్ల మామిడంటే మా కోడలు గుంటకి ప్రాణం. సంతలో కాయలొచ్చి పదేను రోజులైపోనాది. ఒక్కటి ముట్టలేదు. అమ్మోరికి పెట్టకుండా తింటే కడుపులోదానికి మంచిది కాదని, నోరూరితే ఉప్పు రాయి సప్పరిస్తన్నాది. రేపు అమ్మోరికెట్టి దానికెడదామని ఇందాకే కోసి కడిగినాను," అంది సూరమ్మ.

"నేను దేవుడికి నివేదించే తిన్నానమ్మా," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే నొక్కుకోవాలనిపిస్తుంది.

"ఎవులికి?"

కృష్ణుణ్ణి చూపించాను. సూరమ్మ వంగి ఆయన్ని బాగా చూసింది. "ఈ ఎన్నదొంగకా? మంచి జత దొరికినాది. ఇద్దరూ కలిసి తినీసినారన్నమాట," అంది.

సాలూరు వెళ్ళి బుట్టెడు కాయలు తెస్తానన్నాను. అమ్మవారికి సంతకాయ పెట్టరట. పొరుగింటి చెట్టుకాయ అడిగి పెట్టండన్నాను. తమ కాయ తమ ఇంట్లోనే ఎంగిలైపోయాక ఊరికే అడిగి తెచ్చింది చెల్లదట. అయితే రేపు ఏమవుతుందని అడిగాను. "ఏటవుద్ది? అమ్మోరికి కాయుండదు. అమ్మోరికి లేంది అది తినదు. ఈ ఏడుకింక అంతే," అంది. లోపలి నుంచి చప్పుడు లేదు. గౌరి ఏడిస్తే బాగుండునని అనిపించింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. పదిహేనేళ్ళలో నేను చెప్పిన గంటలన్నీ కలిపితే ఆ పిల్ల చప్పరించిన ఒక్క ఉప్పు రాయికి సరిపోవని తెలిసింది.

ఏదైనా దారి చెప్పమని బతిమాలాను. సూరమ్మ కింద పడ్డ తట్ట ఎత్తి గోడకు ఆనించింది. చివరికి చెప్పింది. వాళ్ళ ఇంట్లో అత్తగారి కాలంలో ఒకసారి ఇలాగే జరిగిందట, అప్పుడొక దారి చేశారట. తప్పు చేసినవాడే ఏడిళ్ళకు వెళ్ళాలి. ప్రతి గుమ్మంలోనూ ఏం చేశాడో తన నోటితో చెప్పి కాయ అడగాలి. అలా వచ్చిన కాయను అమ్మవారు పుచ్చుకుంటుంది. "ఒక్క గుమ్మంలో కూడా తప్పు తగ్గించి సెప్పకూడదు. తగ్గించినావో, ఆ కాయ లెక్కకి రాదు," అంది.

సాయంత్రం అప్పలనాయుడు వచ్చాడు. "మంచి గురువుని తెచ్చినావురా," అంది తల్లి. అతను నా మొహం చూడలేక లారీ అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు.

ఏడు గుమ్మాలు

కొత్తమావాస్య పొద్దుట స్నానం చేసి, పైపంచె భుజాన వేసుకుని బయల్దేరాను. తప్పు తగ్గించానో లేదో వినడానికి సూరమ్మ నాలుగడుగులు వెనకే వచ్చింది. మొదటి ఇంటి ముందు నిలబడి గొంతు సవరించుకున్నాను. అలవాటు కొద్దీ "భారతీయ సంస్కృతిలో" అని మొదలైంది. వెనక నుంచి సూరమ్మ దగ్గింది. "నేను అమ్మవారి మామిడికాయ తిన్నాను. ఒక కాయ ఇప్పించండి," అన్నాను. ఇన్నేళ్ళ ఉపన్యాసాల్లో అంత చిన్న వాక్యం నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

ఊరికి సంగతి రాత్రే చేరిపోయింది, అయినా ప్రతి గుమ్మంలోనూ కొత్తగా వినాలని వాళ్ళ పట్టుదల. రెండో ఇంట్లో ముసలాయన కుక్కి మంచం మీద కూర్చుని వివరాలు అడిగాడు.

"ఉత్తినే కొరికీసినావా, ముక్కలు కోసినావా?"

"కోశాను."

"ఉప్పూ కారం?"

"అద్దాను."

"అయితే తెలిసే తిన్నావు," అని కాయ ఇచ్చాడు.

మూడో ఇంటావిడ నేను చెప్పింది విని, "ముందింట్లో కారం కూడా సెప్పినావంట కదా, మాకేటి సెప్పవు?" అని నిలదీసింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. నాలుగో ఇంట్లో పొరుగూరి నుంచి వచ్చిన చుట్టాలు ఉన్నారు, వాళ్ళను లోపలి నుంచి పిలిచి కూర్చోబెట్టాక చెప్పమన్నారు. ఐదో ఇంట్లో ఒకావిడ, గౌరి చెయ్యి చాపినా ఆగలేదట నిజమేనా అని అడిగింది. అది నేను ఏ గుమ్మంలోనూ చెప్పలేదు. సూరమ్మ వైపు చూశాను, ఆవిడ నేలచూపు చూస్తోంది. "నిజమే. గాజుల చప్పుడు విని కూడా నేను కళ్ళు తెరవలేదు. చెయ్యెత్తి ఆపాను," అన్నాను. అక్కడ ఎవరూ నవ్వలేదు. అప్పటిదాకా ఇచ్చినవాటిలో అన్నిటికన్నా పెద్ద కాయ అక్కడే దొరికింది. వెనక్కి వెళ్ళి మొదటి నాలుగు ఇళ్ళలోనూ ఆ మాట కూడా చెప్పి రావాల్సి వచ్చింది. ఎండ బాగా ఎక్కేసింది. ఆరో ఇంట్లో మజ్జిగ ఇచ్చారు. ఏడో ఇంటి చెట్టుకు కూడా కాపు లేదు, పెద్దావిడ వెతికి వెతికి ఉసిరికాయంత పిందె ఒకటి తెచ్చి, "ఇదే ఉన్నాది నాయనా, లెక్కకి సరిపోద్ది," అని నా పైపంచెలో వేసింది.

ఏడు కాయలూ అమ్మవారి ముందు పెట్టారు. ఊరి చివర, మనిషి మోకాలెత్తు గుడి, పసుపు రాసిన రాయి. సూరమ్మ నీళ్ళు చల్లి, "తల్లీ, ఇడిగో, తిన్నోడే తెచ్చినాడు," అంది. మంత్రం అంతే. తర్వాత ఇంట్లో పోయిన పెద్దాయన పేరు చెప్పి ఆకులో కొంచెం అన్నం, పప్పు, రెండు ముక్కలు పెట్టారు. ఆ పని అయ్యాక సూరమ్మ ఐదో ఇంటి కాయ తీసి కోడలి చేతికిచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా చూద్దామని వచ్చారు.

గౌరి వసారాలో కత్తిపీట ముందు కూర్చుని కాయ కోసింది. నా కారం పొట్లం అడిగి తీసుకుని ముక్కకు అద్దింది. నోటిదాకా తీసుకెళ్ళి ఆగి, ఆ ముక్క నావైపు చాపింది.

"ముందు మీరు తినండి బాబూ. మీకలవాటే కదా," అంది.

ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. సూరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పలనాయుడు కూడా, నిన్నటి నుంచి మొదటిసారి, నావైపు చూసి నవ్వాడు. నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను. నువ్వు తినమ్మా అన్నాను.

ఆమె తింది. కరకరమని నములుతూ, కళ్ళు చికిలించుకుని, ఎవరి వంకా చూడకుండా కాయంతా తినేసింది. అత్త రెండో కాయ ఇచ్చింది, అది కూడా ఆమే తింది. నాకు ఎవరూ పెట్టలేదు. నేనూ అడగలేదు.